స్లైగో రాయబారం

మహీధర్ ఐర్లండ్‌లోని లిమరిక్‌లో పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు, సాయంత్రాలు తన పీహెచ్‌డీ గురించి చెప్పి ఊళ్ళో తెలుగువాళ్ళ బుర్ర తింటాడు. విదేశాలకు రాయబారులుగా మంత్రులు ఎంచిన పేర్లకు విక్టోరియా రాణి ఎలా అడ్డుపడేదన్నది అతగాడి పరిశోధన. "సంతకం పెట్టి ఊరుకోవాల్సిన మనిషికి ఇంత పెత్తనమేంటండీ!" అంటూ ఎప్పుడో పోయిన రాణి మీద ఇప్పుడు పళ్ళు నూరుతుంటాడు.

అక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షుడు మధుసూదనరావు. ఆయన భార్య వసుంధరకి ఏ పదవీ లేదు. కానీ ఉగాదికి ఏ ఇంటికి ఎవరు వెళ్ళి బొట్టు పెట్టి పిలవాలో ఆవిడే తేలుస్తుంది. ఆయన ఒక పేరు చెబుతాడు, ఆవిడ మూతి విరుస్తుంది, పేరు మారిపోతుంది.

ఈ ఏడు మీటింగులో మహీధర్ లేచాడు. "ఆంటీ, రూల్స్ ప్రకారం మీకు ఆ పవర్ లేదండీ."

వసుంధర చిరునవ్వు నవ్వింది. "గ్రాండ్, బాబూ, అలాగే కానీ. అంత తెలిసినవాడివి, స్లైగో డాక్టరుగారింటికి నువ్వూ మైథిలీ వెళ్ళి పిలిచిరండి."

తన మాటే నెగ్గిందనుకున్నాడు పిచ్చిమాలోకం. జోరువానలో స్లైగో దాకా మూడు గంటలు కారు తోలినంతసేపూ, భార్య మైథిలి కుంకుమభరిణ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తలుపు తీసిన డాక్టరుగారి భార్య ఇద్దర్నీ చూసి జాలిపడింది.

"రండి రండి, పాపం తడిసిపోయారు. పోయినేడు వసుంధర మీ ట్రెజరర్ గారిని పంపింది. మీరేమన్నారేంటి ఆవిణ్ణి?"