ఖాళీ గడి గిట్టని మనిషి

మా గళ్ల మాస్టారికి ఎక్కడైనా ఖాళీ గడి కనిపిస్తే అన్నం సయించదు. కాగితం ఎవరిదైనా సరే, గడి నిండాల్సిందే. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర, పక్కనున్న ముసలాయన ఫారంలో 'ఇతర బాధలు' అన్నచోట ఏమీ లేదని, అడిగి అడిగి కోడలి మీద మూడు ఫిర్యాదులు రాయించాడు.

ఆయనా నేనూ ఒకే గదిలో పనిచేశాం. ఏ టీచరు చెబితే పిల్లలకు ఎంత వస్తోందో లెక్కగట్టి, ఏ బడికి ఎన్ని నిధులివ్వాలో పైవాళ్లకు చెప్పే పరిశోధన మాది. "టీ తాగారా?" అంటే "ఇవాళ్టి సంగతా, నిన్నటిదా?" అని అడిగే మనిషితో ఎవరు కూర్చుంటారు? భోజనాల గదిలో ఆయన చుట్టూ మూడు కుర్చీలు ఎప్పుడూ ఖాళీయే. నేనూ వెళ్లి కూర్చోలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

ఒక ఏడాది ఊరి చివరి బడి పట్టికలో పద్నాలుగు గళ్లు ఖాళీగా వచ్చాయి. పరీక్షనాడు పిల్లలు రాలేదు.

"సున్నాలు వేసి పంపెయ్యండి," అన్నాడు డైరెక్టరు.

అన్ని సున్నాలు పడితే సగటు పడిపోతుంది, నిధులు ఆగుతాయి, ఆ బడికున్న ఒక్కగానొక్క టీచరమ్మ ఉద్యోగం పోతుంది.

"రాయని పిల్లాడికి సున్నా ఎలా వేస్తామండీ?" అన్నాడు మాస్టారు.

"శుక్రవారం దాకా చూస్తా. తర్వాత మీ గోల నేను వినను."

మాస్టారు ప్రశ్నపత్రాలు సంచిలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. పదముగ్గురికి గవదబిళ్లలు. పద్నాలుగో పిల్లకు చెయ్యి విరిగింది. ఆ పిల్ల చెబుతుంటే తనే రాశాడు. దిద్దినవాళ్లు చేతిరాత బాగాలేదని రెండు మార్కులు కోశారు. "రాత నాది, కోత దానికా?" అని పూటంతా పోట్లాడి తెచ్చుకున్నాడు. బడి నిలబడింది.

వారం తర్వాత టీచరమ్మ ఫోన్ చేసింది. మాస్టారికి చెవుడు కాబట్టి స్పీకరు పెట్టాడు, గదంతా వినిపించింది.

"అన్నం తిన్నావా, నిద్ర పట్టిందా అని కూడా అడిగారటగా! పరీక్ష తాతయ్య మళ్లీ ఎప్పుడొస్తారని పిల్లలు ఒకటే గొడవండీ."

మాస్టారు పట్టికను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంకేం పనుందమ్మా? గళ్లన్నీ నిండిపోయాయిగా."

ఫోన్ పెట్టేసి, నిండిన గళ్లను మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు లేరు, ఇక్కడ పలకరించేవాళ్లం లేము.

మర్నాడు ఆయన బయటికెళ్లినప్పుడు ఆ బడి పట్టికలో ఒక గడిని రబ్బరుతో శుభ్రంగా చెరిపేశాను.

"మాస్టారూ, ఇక్కడ ఒక పిల్లాడి వయసు లేదండీ."

ఆయన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత నావంక చూశాడు.

"ఫోన్ చేసి అడిగితే పోలా?" అంది టైపిస్టమ్మ.

"వయసు ఫోన్లో సరిగ్గా తెలీదమ్మా," అంటూ ఆయన అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు.