పాట ఆపించిన టీచరుగారు

మా అమ్మాయికి పాట నేర్పిన టీచరుగారు మొన్న గురువారం తెల్లవారకముందే పోయారు. ఆ కబురు బొబ్బిలిలో సగం ఇళ్ళకి చేరకముందే నాకు హైదరాబాదు నుంచి ఫోను. "మేడం, మీ పాపతో ఆవిడ ఫొటో ముందు ఓ పాట పాడించాలి. కొంచెం ఎమోషనల్‌గా ఉండాలి" అన్నాడు టీవీ అబ్బాయి. ఐదేళ్ళ క్రితం ఆవిడని ఊరందరి ముందూ దోషిని చేసిన ఛానెలే అది. నా ఒళ్ళు మండిపోయింది. రావద్దని ఫోను పెట్టేశాను.

ఆవిడ వసారాలో పిల్లలు పాఠానికి కూర్చుంటే ముందు నోరు తెరిపించి గొంతు చూసేవారు. ఎర్రగా కనబడిందా, ఆ పూట పాట లేదు. మిరియాల చారు తాగించి ఇంటికి పంపేసేవారు. నేనోసారి బతిమాలబోతే, "మీ పిండిమర వేడెక్కితే ఆపవేటి? ఇది పిల్ల గొంతే తల్లీ" అని కసిరారు.

రాష్ట్రం విడిపోయిన ఏడాది, దుబాయి, సింగపూరు, లండను తెలుగు పిల్లల్నీ మన పిల్లల్నీ కలిపి టీవీలో అంతర్జాతీయ పాటల పోటీ పెట్టారు. పదేళ్ళ మా పిల్ల సెమీఫైనల్ దాకా వెళ్ళింది. తీరా రికార్డింగు రోజున జ్వరం, గొంతునొప్పి. టీచరుగారు వద్దన్నారు. ఒక్కసారి పాడితే చాలని టీవీవాళ్ళు ఒప్పించారు. ఒక్కసారా! లైటు సరిగా లేదని మళ్ళీ, చప్పట్లు చాల్లేదని మళ్ళీ. గొంతు జీరబోయి పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "అదీ! ఆ కన్నీళ్ళతోనే ఇంకోసారి" అన్నాడు డైరెక్టరు. మనిషేనా వాడు?

టీచరుగారు జనంలోంచి లేచి స్టేజి ఎక్కేశారు.

"పిల్లని పాడిస్తన్నారా, ఏడిపిస్తన్నారా?"

"అమ్మా, ఇలాంటి ఛాన్సు మళ్ళీ రాదు."

"ఛాన్సు పోతే పోనీ. గొంతు పోతే నువ్వు తెచ్చిస్తావేటి నాయనా?"

పిల్ల చెయ్యి పట్టుకుని దింపేశారు. టీవీలో ఆ ఒక్క ముక్కే వేశారు, నెమ్మదిగా తిప్పి తిప్పి, ఏడుపు సంగీతంతో. జ్వరం మాటే లేదు. కింద 'గురువు మొండితనం' అని అక్షరాలు. అది మా ఊరు నమ్మింది! మా పిండిమరకొచ్చిన ప్రతివాళ్ళకీ జరిగింది చెప్పాను. "మా కళ్ళతో సూసేం కదేటి, గెలిసే పిల్లని లాగేసింది" అన్నారు. ఒక్కొక్కరే పిల్లల్ని మాన్పించేశారు. ఆవిడ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. "దాని గొంతు బాగున్నాది కదా, ఇంకేటి కావాలే నీకు?" అని నన్నే కోప్పడేవారు. అంత ఓర్పు నాకు లేదు, ఇప్పటికీ లేదు.

వద్దన్నా సాయంత్రానికి కెమెరా దిగింది. అప్పటికి దహనం అయిపోయింది. పిల్లల్ని మాన్పించిన పెద్దమనుషులే ఆవిడ ఇంటి ముందు 'గానసరస్వతి' అని ఫ్లెక్సీ కట్టిస్తున్నారు. పదో తరగతికొచ్చిన మా అమ్మాయి వెళ్ళి కెమెరా ముందు నిలబడింది.

"ఏడుస్తూ పాడమ్మా."

"పాడను. ఆ రోజేటి జరిగిందో సెప్తాను."

జ్వరం దగ్గర మొదలుపెట్టింది. డైరెక్టరు మాట దగ్గరికి వచ్చేసరికి, "ఇది వద్దమ్మా" అంటూ లైటు ఆర్పేశారు. పిల్ల ఆగలేదు. వీధి వైపు తిరిగి, ఇంకా గట్టిగా, అంతా చెప్పింది. గొంతు ఎక్కడా జీరబోలేదు. నిచ్చెన మీదున్న మనుషులు చేతుల్లో తాళ్ళతో అలాగే ఉండిపోయారు. ఫ్లెక్సీ ఒక కొస కట్టకుండా వేలాడుతోంది. కింద పెద్దమనుషుల్లో ఒక్కరూ తలెత్తలేదు.