కుడిచేతి పని

నాట్యమంటే అంతా కుదిరాక చూసేదనే నాకు తెలుసు. అది తయారవుతుండగా చూడటం ఇంత ప్రాణం తీస్తుందని తెలియదు.

యుద్ధం రోజుల్లో రంగూన్ వదిలి వచ్చిన ఒక నాట్యకారిణి, ఆ ఏడు వేసవి సెలవుల్లో, నేను పంతులమ్మగా ఉన్న ఆత్మకూరు బడిలో సాధన పెట్టుకుంది. ఆసియా దేశాల చేతిపనులను కలిపి ఒక కొత్త నాట్యం కూర్చాలని ఆవిడ పట్టు. బర్మా నేత, జావా అద్దకం అప్పటికే కుదిరాయి. మన వైపు పని ఏదైనా చెప్పమంది. ఉదయగిరిలో మా నాయన కొయ్య చెంచాలు చెక్కుతాడని గొప్పగా చెప్పేశాను. నా నోరు ఊరుకోదు కదా!

ఆవిడ వెళ్లి నాలుగు రోజులు నాయన ఎదురుగా కూర్చుని చూసి వచ్చింది. మర్నాడే ఆడి చూపించింది. కాలివేళ్ల మధ్య కర్ర బిగించింది, ఉలి తోసింది, చెక్కిన చెంచాను వెలుతురుకు ఎత్తింది. ఎత్తిన చెయ్యి సన్నగా వణికింది.

ఆ వణుకు పనిలో భాగం కాదు. రెండేళ్లుగా నాయన చేతికి పట్టుకున్న జబ్బు. పని లేనప్పుడు ఆ చేతిని పైపంచె కింద దాచుకునేవాడు. అడిగితే కసిరేవాడు.

ఆవిడకు చెబితే నాయన గుట్టు నేనే బయటపెట్టినట్టు. చెప్పకపోతే, చూడటానికి వస్తానన్న నాయన కంట్లోనే పడుతుంది. ఆవిడ రోజూ నాట్యంలోంచి ఏదో ఒకటి తీసేసేది. ఈ వణుకూ పోతుందిలే అని రోజూ వెళ్లేదాన్ని. కుదురుగా కూర్చోలేక బెంచీ నుంచి కిటికీకి, కిటికీ నుంచి బెంచీకి తిరిగేదాన్ని. అద్దకం పోయింది. నేత సగమైంది. వణుకు మాత్రం మోచేతి దాకా పెరిగింది. ఆవిడ మీద ఒళ్లు మండింది. నోరు మాత్రం లేవలేదు.

నాయన బస్సు దిగి నేరుగా బడికి వచ్చాడు. చెయ్యి పైపంచె కిందే ఉంది. ఆవిడ ఆడింది. చెంచా ఎత్తింది. నేను తల దించుకున్నాను.

"ఆపమ్మా," అన్నాడు నాయన.

ఆయన పనిలో తప్పును సహించడు. పక్కవాడి చెంచా వంకరపోయినా లాక్కుని దిద్దేవాడు.

"తప్పుండాది. నాకెదురుగా కూర్చోని చూసినావు గదా, చేతులు తారుమారైనాయి. ఉలి కుడిచేతిలో ఉండాల."

లేచి ఆవిడ ముందుకు వెళ్లాడు. పైపంచె తొలగించి, కుడిచేతిని మా ఇద్దరి ముందూ వెలుతురుకు ఎత్తాడు.

"వణికేది గూడా ఇదేనమ్మా. చూసి సరిగ్గా నేర్చుకో."