కోదాడ మీదుగా ఒక నవల

సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు దగ్గరి దారి ఉండగా, కోదాడ మీదుగా చుట్టు తిరిగి పోయే తెలివి నాకు తప్ప ఎవరికుంటుంది? బస్సులోనే నవల ముగించి, దిగగానే సమీక్ష పంపాలని నా ఎత్తు. మా ఇంట్లో అందరివీ దుకాణాలే. వాళ్లు బస్తాలోంచి పిడికెడు గింజలు తీసి ధర చెప్పినట్టే, నేను ఏళ్లుగా పుస్తకాలకు ధర కడుతున్నాను.

కోదాడలో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. నేను గబగబా పేజీలు తిప్పుతుంటే, చెయ్యి చాపి ఒక పేజీ వెనక్కి తిప్పింది.

"ఆగన్నా, నాదింకా కాలె."

ఆమె కూడా చదువుతోందని అప్పటిదాకా నాకు తెలియదు.

"సాయంత్రానికి దీనిమీద రాసియ్యాలక్కా. లేకుంటే పత్రికల నా జాగా ఇంకొకలకు పోతది."

"రాసుకో. పేజీ మాత్రం తిప్పకు."

చెయ్యి తియ్యలేదు. చేసేది లేక నేనూ ఆ పేజీ మళ్లీ చదివాను. పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషి పిల్లనొదిలి పెరట్లో బర్రెను బేరమాడే చోట ఆమె పకపకా నవ్వింది. నాకూ నవ్వాగలేదు. ఇందాక అదే పేజీని మొహం మాడ్చుకుని దాటాను.

నేరేడుచర్లలో ఆమె దిగేసరికి మేం చదివింది ఒక్క అధ్యాయం. మిగతాది మిర్యాలగూడ బస్టాండు బెంచీ మీద, ఆమె వేగంతోనే చదివాను.

చివరి లెక్క ఇదీ: సమీక్ష ఆలస్యమైంది, పత్రికలో జాగా పోయింది, మళ్లీ రాలేదు. మావాళ్ల కొలతలో అది శుద్ధ నష్టం. అదే ధరకు ఇంకో నవల దొరికితే తీసుకుంటాను.