అమ్మ ఠాణాలో చెప్పిన సాక్ష్యం

మా చిన్నప్పుడు... పాతబస్తీలో, జహనుమా గల్లీలో మాది రెండు గదుల రేకుల ఇల్లు. ఆ వారమంతా అమ్మ పొయ్యి ముందు నిలబడి ఒకటే సాధన. చేతిలో పప్పుగుత్తి, నెత్తిన కొంగు... "సంఘానికి వందనాలు" అని మొదలుపెట్టేది. రెండో మాటకే తడబడేది. నేను పక్కన కూర్చుని నవ్వేదాన్ని.

చర్చికి వెళ్లేవాళ్లకు తెలుసు... ఆదివారం ఆరాధన మధ్యలో ఒకరు లేచి, దేవుడు తమకు చేసిన మేలు నలుగురికీ చెబుతారు. దాన్నే సాక్ష్యం అంటాం. చర్చికి వచ్చినవాళ్లే సంఘం... వాళ్లకు వందనాలు చెప్పాకే ఏదైనా మొదలు. అమ్మకు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయింది. దక్కుతుందో లేదో అనుకున్న మనిషి లేచి తిరుగుతోంది. అందుకని ఆ ఆదివారం అమ్మ వంతు.

ఎన్నడూ నలుగురిలో నోరు విప్పని మా అమ్మకు అదెంత పెద్ద సంగతో... తెల్లచీరకు గంజి పెట్టి, మడతలు నలగకుండా పరుపు కింద దాచుకుంది.

మా ఎదురింట్లో ఖాజా చాచా ఉండేవాడు. చార్మినార్ దగ్గర బట్టల దుకాణంలో మూటలు మోసే పని. శనివారం ఆయన పని మానేసి, మధ్యాహ్నమంతా మా ఇంటి మీద కూర్చుని రేకుల కన్నాలకు తారు పూశాడు. వానలొస్తే ఆపరేషన్ అయిన మనిషి తడిసిపోతుందని ఆయన బాధ.

దీపాలు పెట్టే వేళకు పోలీసులు వచ్చి ఆయన్ని పట్టుకుపోయారు. ఆ మధ్యాహ్నమే దుకాణంలో చీరల మూట పోయిందట. పనికి రానివాడు ఖాజా ఒక్కడే కాబట్టి వాడే తీశాడని సేటు అనుమానం.

ఆయన భార్య, మా చాచీ, ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది. "అక్కా, రేపు పొద్దుగాల ఎస్సై సాబ్ వచ్చి కేసు రాస్తడంట. గంతలనే ఎవలన్న గవాహీ ఇయ్యాలె. లేకుంటే జైలుకు పంపుతరంట."

గవాహీ అంటే ఏందమ్మా అని అడిగాను.

"సాక్ష్యం, బిడ్డా" అంది అమ్మ. ఆ మాట అని, తెల్లచీర దాచిన పరుపు వైపు చూసింది.

చాచాను మా రేకుల మీద చూసినవాళ్లు గల్లీలో చాలామందే. వాళ్లలో మా చర్చివాళ్లూ ఉన్నారు. ఠాణా పేరెత్తగానే ఒకరికి జ్వరం, ఒకరికి డ్యూటీ... మా బాపు కూడా వెనకాడాడు.

"రేపు చర్చిల నీ సాక్ష్యం ఉన్నది గదనే. ఠాణా లొల్లి మనకెందుకు?"

"రెండూ సాక్ష్యాలే గదా. ఆ మనిషి మన ఇంటి మీదనే ఉండె. చూసి గూడ చూడలేదంటే చర్చిల ఏం మొఖం పెట్టుకొని నిలబడాలె?" అంది అమ్మ.

పొద్దున్నే ఆ తెల్లచీరే కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని ఠాణాకు నడిచింది. చాచాను ఒక మూల కింద కూర్చోబెట్టారు. ఎస్సై తలెత్తి "చెప్పమ్మా" అన్నాడు.

అమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుంది. చేతులు జోడించింది. "సంఘానికి వందనాలు" అంది.

పోలీసులంతా ఘొల్లున నవ్వారు. పాపం, అమ్మకు సాక్ష్యం అంటే మొదలుపెట్టడం అలాగే వచ్చు... నాకు సిగ్గుతో ప్రాణం పోయింది. అమ్మ మాత్రం ఆగలేదు.

"దేవుని ముందల చెప్తున్నయ్యా. నిన్న మధ్యాహ్నమంత ఖాజా మా రేకుల మీదనే ఉండె. చేతులు చూడుండ్రి, మా ఇంటి తారు ఇంక పోలే."

ఎస్సై లేచి వెళ్లి చాచా చేతులు తిప్పి చూశాడు. అమ్మ చెప్పింది రాయించి సంతకం పెట్టించుకున్నాడు. సాయంత్రానికల్లా చాచా ఇంటికి వచ్చేశాడు.

పొద్దున మేం ఠాణా నుంచి చర్చికి పరుగెత్తేసరికి చివరి ఆశీర్వాదం అయిపోతోంది. సంఘ పెద్ద గుమ్మంలోనే నిలదీశాడు. "ఆరాధన ఇడిసిపెట్టి ఠాణాకు పోతరా, సుగుణమ్మా? పాస్టరయ్యగారు నీ పేరు పిలిస్తే పలికేటోళ్లు లేరు."

"ఆరాధన చేసే వస్తున్న అన్నా. ఈడ చెప్పేది ఆడ చెప్పొచ్చిన."

ఎదురుమాట్లాడిందని ఆయనకు కోపం వచ్చింది. ఆ తర్వాత అమ్మకు మళ్లీ వంతు రాలేదు. అమ్మా అడగలేదు. చెప్పులు విడిచే చోటుకు దగ్గరగా, వెనక వరుసలో కూర్చునేది. ఎప్పుడైనా పొయ్యి ముందు "సంఘానికి వందనాలు" అని గొణుక్కుంటే వినపడేది.

పోయినేడు అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె జ్ఞాపకార్థ కూడికలో ఒకరి తర్వాత ఒకరు మైకు అందుకున్నారు. అమ్మ పాటల గురించి, ప్రార్థన గురించి మంచిగానే చెప్పారు. ఠాణా ఊసు ఎవరూ ఎత్తలేదు. టైమైపోయిందని ముగించేశారు.

బయటికి వస్తే గేటు దగ్గర ఖాజా చాచా... ముసలివాడైపోయాడు. కూడిక అయ్యేదాకా మెట్ల మీద, చెప్పుల పక్కనే కూర్చున్నాడట.

"నేను గూడ గవాహీ ఇద్దామని వచ్చిన, బేటీ. ఎవ్వలు పిలువలె. ఎట్ల షురూ చేసేదో గూడ నాకెర్క..." అని టోపీ సర్దుకుని, చేతులు జోడించి, "సంఘానికి వందనాలు" అన్నాడు.

మైకు కోసం లోపలికి పరుగెత్తాను. అప్పటికే వైర్లు చుట్టేస్తున్నారు.

ఇప్పుడు మా చర్చిలో ఏసీ ఉంది, పెద్ద తెర ఉంది. ప్లాటు కొన్నామని, ప్రమోషన్ వచ్చిందని వారం వారం సాక్ష్యాలు. ఎవరి కోసమో ఠాణా మెట్లెక్కి చెప్పే సాక్ష్యం మాత్రం అమ్మతోనే పోయిందేమో అనిపిస్తుంది...

మీ ఇళ్లలోనూ అలా వెనక వరుసలోనే కూర్చుండిపోయినవాళ్లు ఉంటారు కదా... వాళ్ల గురించి కింద రాయండి. ఇక్కడైతే వైర్లు ఎవరూ చుట్టేయరు.