ఎదురు తొట్లో మనిషి

నాకు నోరెక్కువ. ఈ సంగతి మా ఇంట్లోనే కాదు, యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరు దగ్గర్నుంచి అందరికీ తెలుసు. వెంకటసుబ్బారావు ఎవరంటే గుర్తురాకపోయినా, "అదే, ఊరికే గొంతు చించుకుంటాడే, ఆ క్లర్కు" అంటే చాలు, నా బల్ల చూపిస్తారు. మా లైబ్రరీలోనే పనిచేసే దానయ్య నోట్లో నాలుక లేని మనిషి. బైండింగు గదిలో కిటికీ పక్కన కూర్చుని, చిరిగిన పుస్తకాలకి కుట్లు వేస్తూ పదకొండేళ్ళు గడిపాడు. అట్టలకి పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. ఆ నీలం ఆయన గోళ్ళలోంచి ఆదివారం కూడా పోయేది కాదు.

ఆయనది తెనాలి పక్క పల్లె. మిషన్ ప్రెస్సులో పని నేర్చుకుని హైదరాబాదు వచ్చాడు. వచ్చిన రెండో ఏడే భార్య పోయింది. పిల్లల్లేరు. వారాసిగూడలో ఒక గది, ఒక కిరసనాయిలు స్టవ్వు, అంతే సంసారం. ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళొచ్చాక ఇక ఆ రోజు గడిచేది కాదు. "సోమవారం ఎప్పుడొస్తుందా అని చూస్తుంటానండీ" అన్నాడొకసారి. సెలవు కోసం మొహం వాచిన గుమాస్తాల మధ్య అలాంటి మాట అన్నవాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

పంతొమ్మిది వందల అరవై ఐదు చివర్లో తార్నాకలో రైలు పట్టాల వైపు ఖాళీ జాగాలో ఒక కంపెనీ ఆనందవనం అని వినోదాల పార్కు పెట్టింది. పిల్లల రైలు, గుర్రాల రాట్నం, ఒక చిన్న చెరువూ పడవా, అన్నిటికన్నా ఎత్తుగా ఎనిమిది తొట్ల నిలువు రాట్నం. గేటు దగ్గర పది పైసలు, రాట్నానికి పావలా. వారం వారం వచ్చేవాళ్ళకి పసుపు రంగు పాసు ఇచ్చేవారు. నెలకి రూపాయి కడితే ప్రతి ఆదివారం వచ్చి ఒకసారి రాట్నం ఎక్కొచ్చు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు వాళ్ళూ, అడిక్‌మెట్ గదుల్లో ఉండే స్టూడెంట్లూ, ముషీరాబాద్ దుకాణాలవాళ్ళూ పెళ్ళాం బిడ్డలతో వచ్చేవారు. మేమూ వెళ్ళేవాళ్ళం. దానయ్యకి మొదటి పాసు నేనే ఇప్పించాను.

రాట్నం తిప్పేది ఎంకన్న. జనగామ దగ్గరివాడు. మోటారు పాతది, బెల్టు వదులు. ఒక వైపు బరువెక్కువైతే చక్రం సగంలో మొరాయించేది. అందుకని ఎంకన్న మనిషిని చూడగానే కంటితోనే తూచేవాడు, ఈ తొట్లో ఇంత బరువుంటే సరిగ్గా ఎదురు తొట్లో అంత బరువుండాలి. ఒంటరిగా వచ్చినవాణ్ణి ఎక్కించేవాడు కాదు. "ఒక్కరు కూసుంటే చక్రం ఒంగుతది సారూ. ఎదురు మనిషి గావాలె, జర ఆగుండ్రి" అనేవాడు. అలా ఒంటరివాళ్ళు ఇంకో ఒంటరి మనిషి వచ్చేదాకా బెంచీ మీద కూర్చోవాలి.

ఆ బెంచీ మీదే దానయ్యకి టీచరమ్మ ఎదురైంది. నలభై దాటిన విధవరాలు, గోదావరి వైపు మాట, తార్నాకలో రైల్వేలో పనిచేసే తమ్ముడింట్లో ఉంటూ దగ్గర్లో ఏదో బళ్ళో పాఠాలు చెబుతుంది. ఆ మాత్రం ఎంకన్న చెప్పిందే. ఎంకన్నకి ఆవిడ టీచరమ్మ, ఈయన సారు. ఆవిడ కాస్త ఒళ్ళు చేసిన మనిషి, ఈయన పుల్ల. "నీకు రెండు ఇసుక సంచులు కాళ్ళకాడ పెడితేగాని అమ్మకు సరిపోవు సారూ" అని ఎంకన్న ఆటపట్టిస్తే, ఇద్దరూ తలలు దించుకుని నవ్వుకునేవారట.

రెండేళ్ళు అలాగే తిరిగారు. ఆవిడ పైకెళ్తే ఈయన కింద, ఈయన పైకెళ్తే ఆవిడ కింద. పైనుంచి ఆర్ట్స్ కాలేజీ కట్టడం, మౌలాలి గుట్ట కనబడతాయని దానయ్య చెప్పేవాడు గాని, ఆయన చూసింది గుట్టని కాదని నాకు తెలుసు. దిగాక "వస్తానండీ" అని ఆవిడ, "మంచిదండీ" అని ఈయన. అంతకుమించి మాట లేదు.

ఒక్కసారి మాత్రం కరెంటు పోయింది. రాట్నం ఆగేసరికి ఇద్దరి తొట్లూ ఒకే ఎత్తులో, మధ్యలో ఇరుసు. పావుగంట అలాగే ఉండిపోయారు.

"భయమేస్తోందాండీ?" అని ఆవిడ అడిగిందట.

"లేదండీ. మీకో?"

"నాకు కిందికి దిగాలంటేనే భయమండీ."

ఈ మూడు ముక్కలూ దానయ్య నాకు ఇరవైసార్లు చెప్పి ఉంటాడు. చెప్పినప్పుడల్లా కుడుతున్న సూది ఆపేసేవాడు. "మరి మాట్లాడవయ్యా మహానుభావా, బెంచీ మీద పక్కనే కదా కూర్చునేది" అని నేను కసిరితే, "ఏం తొందరండీ, వచ్చే ఆదివారం ఎలాగూ వస్తారుగా" అనేవాడు.

అరవై ఎనిమిది జనవరి ఆఖరున ఆనందవనం గేటుకి కొత్త బోర్డు వేలాడింది. ఫిబ్రవరి ఒకటి నుంచి గేటు దగ్గర అర్ధరూపాయి, రాట్నానికి రూపాయి. పాసులు రద్దు. నాకు ఒళ్ళు మండింది. మేనేజరు పార్థసారథి గదిలోకి సరాసరి వెళ్ళాను.

"పాసులవాళ్ళు వేరుశెనక్కాయలు తిని, బెంచీలు ఆక్రమించి వెళ్ళిపోతారండీ" అన్నాడాయన, చాలా మర్యాదగా. "మాకు కార్లలో వచ్చే ఫ్యామిలీస్ కావాలి. స్టాండర్డ్ పెంచుతున్నాం."

"రెండేళ్ళు ఎండనక వాననక వచ్చి మీ పార్కుని నిలబెట్టింది మేమండీ."

"థాంక్సండీ" అన్నాడు.

అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో అంటే ఇదే. ఆ రోజు నేను ఆగలేదు. అరవై మూడు మంది చేత సంతకాలు పెట్టించి అర్జీ పడేశాను. ఫిబ్రవరి నెలంతా మనవాళ్ళెవరూ ఆ గేటు తొక్కకూడదని వారాసిగూడ నుంచి లాలాగూడ దాకా ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. టీచరమ్మ ఇల్లు ఎక్కడో ఎవరికీ తెలియదు, ఆవిడకి చెప్పలేదు.

సంతకం పెట్టిన మర్నాడు దానయ్య నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సుబ్బారావు గారూ, నేనొక్కణ్ణి వెళ్ళొస్తే ఏమవుతుందండీ?"

"నువ్వొక్కడివి వెళ్తే రాట్నం తిరుగుతుందా? ఎదురెవరు కూర్చుంటారు? ఆవిడది బడిపంతులమ్మ జీతం, తమ్ముడింట్లో తిండి. వారం వారం రూపాయిన్నర పెట్టి వస్తుందా? వెళ్ళి ఖాళీ తొట్టి చూసొస్తావా, దానయ్యా?"

ఆయన కాసేపు తన గోళ్ళు చూసుకున్నాడు.

"నిజమేనండీ" అని వెళ్ళిపోయాడు.

ఎదుటివాడి నోరు మూయించగలిగితే అదే న్యాయమని అనుకునే రోజులవి. చక్కగా నచ్చజెప్పానని ఆ సాయంత్రం మా ఆవిడతో కూడా చెప్పుకున్నాను.

ఫిబ్రవరి రెండో ఆదివారం సాయంత్రం దానయ్య అడిక్‌మెట్‌లో మా ఇంటికి వచ్చాడు. అంతకుముందు ఎన్నిసార్లు పిలిచినా రాని మనిషి. కాఫీ తాగి, డాబా ఎక్కుతానన్నాడు. అక్కణ్ణుంచి రాట్నం పై సగం కనబడుతుంది. గంటసేపు నిలబడి చూశాడు.

"తిరగట్లేదండీ" అన్నాడు.

"చూశావా మరి" అని వీపు తట్టాను. "కంపెనీకి తిక్క కుదిరింది."

నిజంగానే కుదిరింది. మొదటి ఆదివారం కార్లవాళ్ళు ఓ పాతికమంది వచ్చారు, ఫోటోలు తీసుకున్నారు, మళ్ళీ మొహం చూపించలేదు. వాళ్ళకి రాట్నం ఒకసారి చూసే వింత. వారం వారం అదే రాట్నం ఎక్కడానికి వచ్చేవాళ్ళం మేమే గదా. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది అన్నట్టయింది పార్థసారథి పని. మార్చి ఒకటిన వీధివీధికీ కరపత్రాలు పంచారు. పాత ధరలే, పాసులు మళ్ళీ ఇస్తారట, పాత మిత్రులకు స్వాగతమట. లైబ్రరీలో నన్ను అందరూ పొగిడారు. నేను కరపత్రం పట్టుకుని బైండింగు గదికి పరిగెత్తాను. దానయ్య అది రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన అంత నిండుగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

మార్చి మూడు, ఆదివారం. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. గోళ్ళు నిమ్మచెక్కతో రుద్దుకున్నాడట, ఆ నీలం చాలావరకు పోయింది. "ఇవాళ మాట్లాడతానండీ" అన్నాడు దారిలో. "ఊరికే, క్షేమమేనా అని." నేను విజయయాత్రకి వెళ్తున్నవాడిలా నాలుగడుగులు ముందే నడిచాను.

బెంచీ ఖాళీగా ఉంది. ఎంకన్న మమ్మల్ని చూసి మోటారు దగ్గర్నుంచి లేచి వచ్చాడు.

"ఏడికి పోయిన్రు సారూ మీరు? టీచరమ్మ నాలుగు ఐతారాలొచ్చింది."

"ఈ ధరకా?" అన్నాను నేను.

"గేటు పైసలు గట్టి, రూపాయి టికెట్ గూడ కొన్నది, నాలుగుసార్లు. ఎదురు మనిషి లేకుండ నేనెట్ల తిప్పుదు? కార్లల్ల వచ్చినోళ్ళు ఒక్క ఐతారమే వచ్చిరి. గుంపుగ ఎక్కి గుంపుగ పోయిన్రు. అన్ని ఇసుక సంచులే పెడ్తనమ్మా అన్న. వద్దు, సారు వస్తరు, చూస్త అన్నది. గేటు బంద్ చేసేదాంక గీడ్నే కూసున్నది."

దానయ్య గేటు వైపు చూశాడు. "ఇవాళ ఇంకా రాలేదా?"

"ఇగ రారు సారూ. తమ్మునికి వాల్తేరు బదిలీ అయిందట. బుధారం సామాను బండికెక్కించిన్రట." ఎంకన్న నడుంగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఆఖరి ఐతారం పోయేటప్పుడు మీ పేరడిగింది. నాకు ఎరుకలేకపాయె. రెండేండ్లసంది సారూ సారూ అంటిని, పేరడగకపోతి. ఆమె పేరు వెంకటరమణమ్మ అట. మీరొస్తె చెప్పుమన్నది."

దానయ్య కాసేపు బెంచీ మీద కూర్చున్నాడు, తర్వాత లేచాడు. ఎంకన్న పిలిచి టికెట్ లేకుండా ఎక్కించుకుంటానన్నాడు గాని, ఆయన తల అడ్డంగా ఊపాడు. వెనక రాట్నం నిండా జనం, పిల్లల కేకలు. నేను తిరిగి తెచ్చిన జనమే.

గేటు దాటాక నాకు నోరు పెగిలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం నేను.

"బడికి వెళ్ళి వాల్తేరు అడ్రసు కనుక్కుంటాను దానయ్యా. రేపే కనుక్కుంటాను. నువ్వో ఉత్తరం రాద్దువుగాని."

"ఏమని రాయమంటారండీ? ఎదురు తొట్లో కూర్చునేవాణ్ణి అనా? ఆవిడ నాలుగు వారాలు చూసిందండీ. రానివాణ్ణని తెలుసుకునే వెళ్ళింది."

తార్నాక చౌరస్తా దాకా నేను ఆయన వెనకే నడిచాను. క్షమించమని అడగాలని ఉంది, జీవితంలో ఆ ఒక్క మాటకే నాకు నోరు రాలేదు. ఆయన వారాసిగూడ వైపు తిరుగుతూ ఆగాడు.

"నాకు జీతం నూట పదిహేను వస్తుందండీ, సుబ్బారావు గారూ" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. "ఖర్చు పెట్టడానికి ఇంట్లో ఎవరూ లేరు. నాకా రూపాయి ఎక్కువేం కాదండీ. మీరంత గట్టిగా చెబుతుంటే ఆ మాట అనలేకపోయాను."