కళ్లం తొక్కిన గుర్రం

నంద్యాలలో పరుగెత్తే గుర్రం వీపు మీద చేతులు చాచి నిలబడి మూడు చుట్లు తిరిగిన మొదటి మొనగాణ్ని నేనేనని ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర టీ కొట్లో ఏళ్ల తరబడి చెబుతున్నాను. వినేవాళ్లు మారినప్పుడల్లా చుట్లు పెరిగాయి. పోయిన ఏడాదికి పదకొండయ్యాయి. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఒప్పుకుంటాను. నేను ఆ గుర్రం మీద ఒక్క చుట్టు కూడా నిలబడలేదు. నడుమ నిలబడి తాడు పట్టుకున్నవాణ్ని.

గుర్రం మాత్రం నాదే. బూడిదరంగు ఆడగుర్రం. మేలుజాతిదని చెప్పుకునేవాణ్ని గాని, సంతలో ఎవరూ కొనకపోతే మా నాయన జాలిపడి తోలుకొచ్చింది. పెళ్లయిన రెండో ఏట నా భార్య కాన్పులో పోయింది. మరుసటేడు నాయన పోయాడు. ఆ తర్వాత చేని కొట్టంలో నేనూ, గుర్రమూ. కొన్ని రోజులు నా నోటి నుంచి వచ్చేవి రెండే చప్పుళ్లు. పొమ్మనడానికి "హో". ఆగమనడానికి నాలుకతో ఒక టక్కు.

యాభై ఆరులోనో యాభై ఏడులోనో, జొన్న కంకులు కళ్లంలో పరిచాక నా ఎద్దుల్లో ఒకటి చచ్చింది. కంకులు తొక్కించడానికి రెండో ఎద్దు పక్కన గుర్రాన్ని కట్టాను. ఊరంతా వచ్చి నవ్వింది.

"ఏందప్పా, గుర్రంతో కళ్లం తొక్కిస్తాండావు? రేపు పెండ్లికొడుకును ఎద్దు మీద ఊరేగిస్తావా?" అన్నాడు పక్క చేని ఆయన.

గుర్రం నవ్వుల్ని లెక్కచేయలేదు. అదే గుండ్రంలో, అదే అడుగులో పొద్దుగూకేదాకా తిరిగింది. ఆ కథ నవ్వుకుంటూ నవ్వుకుంటూ నంద్యాల దాకా పోయింది.

నంద్యాలలో అప్పుడొక వ్యాయామ సంఘం ఉండేది. బడిలో డ్రిల్లు నేర్పే క్రైస్తవ మాస్టరు దానికి పెద్ద. ఊరికి సర్కసు వచ్చి పోయిన నాటి నుంచి ఆ సంఘం పడుచువాళ్లకు ఒకటే పిచ్చి, పరుగెత్తే గుర్రం మీదికి ఎగిరి దూకి విన్యాసాలు చేయాలని. జట్కా గుర్రాలను తెచ్చి చూశారు. అవి నాలుగడుగులు గుండ్రంగా వేసి, అలవాటు కొద్దీ రైల్వే స్టేషను దారి పట్టేవి. గుండ్రంగా తిరిగే గుర్రం ఉందని విని మాస్టరు నా కొట్టం వెతుక్కుంటూ వచ్చాడు.

"అన్నా, ఈ ఎండాకాలం నీ గుర్రాన్ని మాకిస్తావా?"

"నేను లేకుంటే అడుగు ఎయ్యదు," అన్నాను. అబద్ధం. ఎవరు "హో" అన్నా పోయేది.

"అట్లయితే నువ్వూ రా."

ఆ మాట కోసమే అబద్ధమాడాను.

సంఘం మైదానంలో మొదటి వారం అది ఎవరు దూకినా ఆగిపోయేది. మీద బరువు పడితే ఆగి బస్తాలు సర్దించుకోవడం దాని అలవాటు. మాస్టరు ముందు సగం బస్తా జొన్నలు వేసి తిప్పించాడు, తర్వాత నిండు బస్తా, ఆ తర్వాతే మనిషి. గోనెపట్టా మీద నవారు బిగించి, దాన్ని పట్టుకుని పక్కనే పరుగెత్తి ఎగిరేవాళ్లు. మోకాళ్ల మీద లేచేవాళ్లు, పడేవాళ్లు, మళ్లీ పరుగెత్తేవాళ్లు. గుర్రం నేర్చుకుంది.

మధ్యాహ్నం అందరం కలిసి సంగటి తినేవాళ్లం. అందరిలో పొట్టివాడొకడు రోజూ అడిగేవాడు, "ఉప్పు సరిపోయిందా అన్నా?" అని. ఆ మాట నన్నొకరు అడిగి ఎన్నేళ్లయిందో. సరిపోయినా ఇంకొంచెం వేయించుకునేవాణ్ని.

నాకొకటే భయం. గుర్రం వీళ్ల మాట వింటే నాతో పనేముంది? అందుకే తాడు ఇంకొకరు పట్టుకున్నప్పుడల్లా, ఎటో చూస్తూ నాలుకతో టక్కుమనిపించేవాణ్ని. గుర్రం ఠక్కున ఆగేది. "చూసినారా? నా చేతికి తప్ప తిరగదు," అనేవాణ్ని.

మాస్టరు కనిపెట్టాడు. తిట్టలేదు. "నీ నాలుక ఊరికే ఉండదే అన్నా," అని నవ్వి, జేబులోంచి ఈల తీశాడు. ఆ రోజు నుంచి ఈలకు ఆగితేనే బెల్లం ముక్క.

బడి మైదానంలో ప్రదర్శన రోజున మాస్టరు తాడు ఇంకొకతని చేతిలో పెట్టాడు. "ఇన్నాళ్లూ నిలబడినావు, ఈపొద్దు కూర్చోని చూడన్నా," అని బెంచీ చూపించాడు. ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం ఇక పొమ్మన్నట్టు వినిపించింది. జనం మైదానం నిండా ఉన్నారు. ఉప్పు అడిగే పొట్టివాడు గుర్రం మీద లేచి నిలబడి చేతులు చాచాడు.

ఆ క్షణంలో నోట్లో తువ్వాలు కుక్కుకుని కూర్చున్నానని నాకు నేనే చెప్పుకుంటుంటాను. అదీ అబద్ధమే. టక్కుమనిపించాను. ఒకసారి కాదు, రెండుసార్లు. అది ఆగి ఉంటే వాడు తలకిందులుగా పడేవాడు.

గుర్రం ఒక చెవి నా వైపు తిప్పింది. విన్నది. ఆగలేదు.

చప్పట్లు అయ్యాక మాస్టరు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "కోతల దాకా ఈడ్నే ఉంచన్నా గుర్రాన్ని. నువ్వూ ఉండు. మాకు నువ్వు అలవాటయినావు." పొట్టివాడు ఆయన వెనకే నిలబడి, చెమటలు కారుతూ నవ్వుతున్నాడు. ఆ ముఖం చూశాక అక్కడ ఉండలేననిపించింది.

"గుర్రాన్ని ఉంచుకోండి. నాకు చేన్లో పనుంది," అన్నాను. ఎండాకాలం చేన్లో ఏం పని?

వాళ్ల కొత్త తాడు గుర్రానికి ఉంచి, నా పాత తాడు చుట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. కండక్టరు నా ఒళ్లో తాడు చూశాడు.

"ఏందప్పా అంత తాడు? దేనికి?"

"గుర్రానికి."

"మరి గుర్రం యాడ?"

"ఎనక వస్తాండాది," అన్నాను.

బస్సులో వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. చెప్పి ఊరుకున్నా బాగుండేది. ఒకసారి తిరిగి చూశాను కూడా.